ముందు చెడ్డ ఏడాదిని లెక్కేయండి: చిన్న కమతంలో వరి దిగుబడి పెంచుకోవడం ఎలా

మా నాన్న దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఏ పంటకు ఎన్ని బస్తాలు అయ్యాయో అందులో రాసేవాడు. పండిన ఏళ్లకు అంకెలు, కూలీల లెక్క, ఎరువు లెక్క అన్నీ ఉండేవి. పండని ఏళ్లకు మాత్రం ఒకటే మాట: "పోయింది". ఎంత పోయింది, ఎందుకు పోయింది, ఆ ఏడు అప్పు ఎంత మిగిలింది, ఏమీ ఉండేది కాదు. చాలా ఏళ్ల తర్వాత ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, నాకు కావలసిన సమాచారమంతా సరిగ్గా ఆ ఒక్క మాట వెనకే దాక్కుందని తెలిసింది.

ఎకరం, రెండెకరాల్లో వరి వేసే ఇంటికి సలహాలకు కరువు లేదు. ఈ విత్తనం వేస్తే ఇంత, ఆ ఎరువు వేస్తే అంత. అవన్నీ సగటు లెక్కలు. చిన్న ఇల్లు సగటు మీద బతకదు. వరసగా మూడేళ్లు బాగా పండినా, నాలుగో ఏడు ఒక్క ముంపు వస్తే పశువునో, పొలంలో ముక్కనో అమ్ముకోవాల్సి వస్తుంది. అమ్ముకున్నది తర్వాతి మంచి ఏడాదిలో తిరిగి రాదు. అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు. ముందు చెడ్డ ఏడాదిలో పడే లోతు తగ్గించుకోండి. మంచి ఏడాదిలో ఎక్కువ పండించడానికి డబ్బు పెట్టడం ఆ తర్వాత.

చిన్న రైతు భయస్తుడు, అందుకే కొత్తవి చేయడు అని తేలిగ్గా అనేస్తారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త భారతదేశంలోని పల్లెల్లో రైతుల చేత నిజమైన డబ్బుతో పందేలు ఆడించి చూశాడు. ఆ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. పందెం పెద్దదైన కొద్దీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు ఒకేలా, ఓ మోస్తరుగా జాగ్రత్తపడ్డారు. గుండె ధైర్యంలో పెద్ద తేడా లేదన్నమాట. దెబ్బ తగిలితే ఆదుకునే అప్పు, ఆస్తి ఎవరికి ఉన్నాయన్నదే తేడా. కాబట్టి ధైర్యం తెచ్చుకోమని ఎవరైనా చెబితే విని ఊరుకోండి, కాగితం తీసుకోండి.

మొదటి పని: మీ గీత ఎక్కడుందో తేల్చుకోండి

గత 7 పంటల దిగుబడులు రాయండి. గుర్తు లేకపోతే ఇంట్లో ఆడవాళ్లను అడగండి. ఏ ఏడు తిండిగింజలు కొనుక్కోవాల్సి వచ్చిందో వాళ్లకు కచ్చితంగా గుర్తుంటుంది. ఉదాహరణకు ఒక ఎకరం చేను అనుకుందాం: 28, 31, 12, 30, 27, 33, 21 బస్తాలు. మొత్తం 182, సగటు 26. ఆ సగటును పక్కన పెట్టేసి 12, 21 చుట్టూ సున్నాలు చుట్టండి.

ఇప్పుడు ఖర్చులన్నీ డబ్బులో కాకుండా బస్తాల్లో రాయండి. ఇది విచిత్రంగా అనిపిస్తుంది గానీ, ధర మారినప్పుడల్లా లెక్క తారుమారు కాకుండా ఉంటుంది. పైగా "ఈ మందు రెండు బస్తాలు" అని చూసినప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. మన ఉదాహరణలో పెట్టుబడి 15 బస్తాలు, అందులో 9 అప్పు. వడ్డీతో కలిపి కట్టాల్సింది 10. ఇంటి తిండికి 8. ఈ రెండూ కలిపితే 18. అదే మీ గీత. కౌలు ఉంటే అదీ కలపాలి. కూలి డబ్బో, పాల డబ్బో క్రమంగా వస్తుంటే ఆ మేరకు గీత కిందికి దిగుతుంది. పంట 18కి పైన ఉంటే ఇల్లు నిలబడుతుంది, తగ్గితే అప్పు తర్వాతి పంటకు దొర్లుతుంది. ఏడు పంటల్లో ఒకసారి గీత కిందికి పడింది, ఆరు బస్తాలు లోటు. ఇంకోసారి మూడు బస్తాల తేడాతో గట్టెక్కింది.

ఈ గీత పెట్టుకున్నాక రెండు పెట్టుబడులను పోల్చి చూడండి. మొదటిది, ప్రతి పంటకూ రెండు బస్తాల విలువైన అదనపు ఎరువు. అది మంచి ఏళ్లలో ఐదు బస్తాలు ఎక్కువ ఇస్తుంది, చెడ్డ ఏళ్లలో ఏమీ ఇవ్వదు. ఏడు పంటలకు 25 వస్తే 14 పోతుంది, మిగిలేది 11. రెండోది, మురుగు నీరు బయటికి పోయేలా కాలువ తీసి గట్లు ఎత్తడం. ఒక్కసారి మూడు బస్తాల ఖర్చు. మంచి ఏళ్లలో దాని వల్ల ఏమీ రాదు. 12 పండిన ఏడు 18 అవుతుంది, 21 పండిన ఏడు 24 అవుతుంది. వచ్చింది 9, మిగిలేది 6.

లాభం చూస్తే ఎరువుదే పైచేయి. అయినా కాలువే ముందు తీయమంటాను. అప్పు చేసి ఎరువు వేస్తే గీత 18 నుంచి 20 దాటుతుంది. ముంపు వచ్చిన ఏడు లోటు ఆరు కాదు, ఎనిమిది దాటుతుంది. కాలువ తీశాక అదే ముంపు ఏడాదిలో మీరు సరిగ్గా గీత మీద నిలబడతారు. అప్పుడు ఎరువు వేసినా రెండు బస్తాల పైచిలుకు లోటే, అది ఎలాగోలా పూడుతుంది. రెండూ చేయాల్సినవే, వరస తప్పితేనే ప్రమాదం. ఒక ఎరువో మందో సగటును పెంచుతూనే ఎగుడుదిగుళ్లనూ పెంచవచ్చని, మరొకటి ఎగుడుదిగుళ్లను తగ్గించవచ్చని రిచర్డ్ జస్ట్, రూలన్ పోప్ అనే ఆర్థికవేత్తలు 1978లో సూత్రంగా రాశారు. మీ ఖర్చుల్లో ఏది ఏ రకమో పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. ఎరువు ఎక్కువగా మొదటి రకం. కాలువ, గట్టు, నాణ్యమైన విత్తనం, సమయానికి కలుపు రెండో రకం.

విత్తనం దగ్గర

చేను ముంపుదా, ఎండేదా అన్నది చూడకుండా ఎక్కువ దిగుబడి అన్న పేరు చూసి రకం ఎంచుకోకండి. నీళ్లు నిలిచే చేనుకు ముంపును తట్టుకునే రకాలు ఉన్నాయి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ అనే పాత వంగడం నుంచి వచ్చిన సబ్1 జన్యువు వాటిలో ఉంటుంది. మామూలు వరి వారం మునిగితే కుళ్లిపోతుంది, ఇవి రెండు వారాల దాకా మునిగినా నీళ్లు తీశాక మళ్లీ చిగురిస్తాయి. ఆ జన్యువు చేర్చిన స్వర్ణ-సబ్1 భారతదేశంలో 2009లో విడుదలైంది. ఆ విత్తనాన్ని ఒడిశాలో కొన్ని పల్లెల రైతులకు లాటరీ తీసినట్టు ఇచ్చి, వాళ్లనూ అందనివాళ్లనూ పోల్చి చూశారు. విత్తనం అందినవాళ్లు ఎరువు ఎక్కువ వేశారు, ఎక్కువ నేల సాగు చేశారు, అప్పు తీసుకోవడానికీ వెనకాడలేదు. మునిగినా చేతికి ఎంతో కొంత వస్తుందన్న భరోసా దొరికాక మంచి ఏడాది మీద డబ్బు పెట్టారు. నేను పైన చెప్పిన వరస ఇదే.

రకం ఏదైనా సరే, చల్లే ముందు రెండు పరీక్షలు చేయండి. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి. గుడ్డ ఆరకుండా చూసుకోండి. వారంలో 80 మొలిస్తే పర్లేదు. 60 మొలిస్తే ఆ విత్తనం మార్చండి, లేదా ఎంత తక్కువ మొలిచిందో అంత ఎక్కువ చల్లండి. రెండోది ఉప్పునీళ్ల పరీక్ష. బకెట్ నీళ్లలో ఉప్పు కలుపుతూ పోండి. అడుగున ఉన్న తాజా కోడిగుడ్డు మెల్లగా లేచి, పావలా బిళ్లంత మేర నీటి పైకి కనపడే దాకా కలపాలి. అప్పుడు విత్తనాలు పోయండి. తాలు, అరగింజలు తేలతాయి, తీసి పారేయండి. మునిగినవాటిని మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడగాలి, ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఖర్చు కాసింత ఉప్పు. అయినా విత్తనం ఖరీదుదైతే ఈ పని చేయడానికి మనసొప్పదు, తేలినవన్నీ డబ్బుల్లా కనపడతాయి.

రెండు మడులుంటే రెండు వేర్వేరు కాలపరిమితుల రకాలు వేయడం మంచి అలవాటు. పూత సమయంలో 35 డిగ్రీలు దాటిన ఎండ తగిలితే గింజ తాలు పోతుంది. రెండు మడులూ ఒకే వారంలో పూతకు రాకపోతే ఒకటైనా తప్పించుకోవచ్చు. కానీ నాట్లను మాత్రం చుట్టుపక్కల చేలకంటే మరీ ముందు, మరీ వెనక వేయకండి. అందరి చేలూ కోసేశాక పచ్చగా మిగిలిన ఒక్క చేను మీదికే వరి రసం పీల్చే దోమ, ఎలుకలు, పిట్టలు వచ్చి పడతాయి.

నారు వయసు విషయంలో పెద్దల లెక్క ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తుంది: రకం ఎన్ని నెలలదో నారు అన్ని వారాలది. నాలుగు నెలల రకానికి నాలుగు వారాలు దాటిందంటే పిలకలు తగ్గుతాయి, ఆ నష్టాన్ని యూరియా పూడ్చలేదు.

నీళ్లు

బోరు, కరెంటు మీద ఆధారపడే చేనుకు తడిపి ఆరబెట్టే పద్ధతి చవకైన బీమా. 30 సెంటీమీటర్ల పొడవు, జానెడులోపు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టండి. 15 సెంటీమీటర్లు మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తర్వాత నుంచి రోజూ అందులోకి తొంగి చూడటమే పని. మడిలో నీళ్లు ఇంకిపోయినా గొట్టంలో కనపడుతుంటాయి. ఆ మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ నీళ్లు పెట్టండి. పైన మట్టి చిన్న చిన్న బీటలు తీసి ఉంటుంది, చూస్తే టెన్షన్ వస్తుంది. మొదటి పంటకు నేను మూడుసార్లు భయపడి ముందే మోటారు వేసేశాను. వేర్లకు మాత్రం కింద తడి అందుతూనే ఉంటుంది. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి.

మూడు జాగ్రత్తలు ఉన్నాయి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు నిలవాలి, అప్పుడు ఆరబెట్టొద్దు. కలుపు ఎక్కువగా ఉన్న చేనులో కలుపు అదుపులోకి వచ్చేదాకా ఈ పద్ధతి మొదలుపెట్టొద్దు. కాలువ నీళ్లు వంతులవారీగా వచ్చే చోట, మీ వంతు ఎప్పుడొస్తుందో నమ్మకం లేకపోతే దీని జోలికి పోకండి. నీళ్లు పెట్టే సమయం మీ చేతిలో ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది.

యూరియా మొత్తం ఒకేసారి వేయకండి

అంతా ముందే వేయడమంటే వాన ఎలా ఉంటుందో తెలియక ముందే పందెం కాయడం. భాస్వరం దమ్ములోనే, అంటే నాటే ముందు నేలను బురద చేసేటప్పుడే వేయాలి, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. నత్రజనిని మాత్రం మూడు దఫాలు చేయండి: దమ్ములో కొంత, పిలకల దశలో కొంత, వెన్ను కాండం లోపల తయారయ్యే చిరుపొట్ట దశలో మిగతాది. ప్రతి దఫాకూ ముందు చేను వైపు చూసి నిర్ణయించుకోండి. ముంపు వచ్చి చేను సగం పోయిందనుకోండి, మిగిలిన దఫా ఎరువు ఇంట్లోనే ఉంటుంది, ఆ అప్పు చేయాల్సిన పని ఉండదు. పంట బాగుంటే అప్పుడు వేస్తారు. ఎరువు అదే, నష్టపోయే అవకాశం మాత్రం తగ్గిపోయింది.

ఆకు రంగు పట్టిక దొరికితే వాడండి. ఆకుపచ్చ ఛాయలు వరసగా ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టీ అది. మీ ఒంటి నీడలో, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును దాని పక్కన పెట్టి చూడాలి. పది మొక్కలు చూసి, సగానికి పైగా మీ రకానికి చెప్పిన ఛాయ కంటే లేతగా ఉంటేనే యూరియా వేయాలి. పక్కవాళ్ల చేను నల్లగా నిగనిగలాడుతుంటే మనసు లాగుతుంది. ఆ నలుపే అగ్గితెగులుకు, పాముపొడకు, దోమకు పిలుపు, చివర్లో గాలివానకు పడిపోయేదీ అదే చేను.

పురుగుమందు డబ్బా తెరిచే ముందు

నాటిన మొదటి నెల రోజుల్లో ఆకులు చుట్టుకుపోయాయనో, చిల్లులు పడ్డాయనో మందు కొట్టకండి. ఆ వయసులో వరి కొత్త ఆకులు వేసి ఆ నష్టాన్ని తనే పూడ్చుకుంటుంది. మందుకు ముందు చచ్చేది సాలీళ్లు, అవి పోయాక దోమకు అడ్డు ఉండదు. ఇండోనేషియాలో సుడిదోమ విరుచుకుపడినప్పుడు జరిగింది ఇదే. 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. దాని వల్ల దేశంలో బియ్యం తగ్గిపోలేదు. మొగి పురుగు, ఉల్లికోడు లాంటివి ఏటా వచ్చే చేలుంటాయి, అక్కడ లెక్క వేరు. దోమ కోసమైతే మొక్క మొదలు తట్టి, నీళ్ల మీద ఎన్ని దోమలు పడ్డాయి, ఎన్ని సాలీళ్లు ఉన్నాయి అని లెక్కపెట్టి నిర్ణయించుకోండి. నాటేటప్పుడే రెండు మీటర్లకొక జానెడు కాలిబాట వదిలితే గాలి, వెలుతురు మొదళ్లకు చేరుతాయి, మీరు లోపలికి వెళ్లి చూడటానికీ వీలవుతుంది.

కొత్తది ఏదైనా ముక్కలోనే

పక్క చేనులో బాగా పండిందని మొత్తం చేను కొత్త రకం వేయకండి. ఒకే మడిలో కొత్తదీ పాతదీ పక్కపక్కన వేయండి, మిగతా పనులన్నీ రెండింటికీ ఒకేలా చేయండి. అప్పు డబ్బు ఈ ముక్క మీద పెట్టొద్దు. కోత నాడు కంటితో చూసి చెప్పొద్దు, తూకం వేయండి. గట్టు పక్కన కాకుండా మధ్యలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ లోపలిదంతా కోసి, నూర్చి, తూర్పారబట్టి తూచండి. 12 కిలోలు వచ్చాయంటే ఎకరానికి సుమారు 1,940 కిలోలు. కానీ అది పచ్చి ధాన్యం. 22 శాతం తేమతో తూగిన 12 కిలోలు 14 శాతానికి ఆరాక 10.9 కిలోలే. ఒక రకం పచ్చిగా, ఇంకోటి ఆరినాక తూచి గెలుపు ఓటములు ప్రకటించేవాళ్లను చాలామందినే చూశాను. ఒక్క పంట చూసి తేల్చకండి, కనీసం ఒక చెడ్డ ఏడు కూడా ఆ ముక్క మీదుగా పోనివ్వండి.

అప్పు, బీమా

అప్పు కట్టాల్సిన తేదీ కోతకు వారంలోపే ఉంటే ధాన్యం కళ్లంలోనే పచ్చిగా అమ్ముడుపోతుంది. అప్పు తీసుకునే రోజే ఆ తేదీని రెండు నెలలు జరపమని అడగండి, వడ్డీ ఒక పిసరు ఎక్కువైనా పర్లేదు. బీమా కాగితంలో ఒక్క విషయం వెతకండి: నష్టం మీ చేను చూసి కడతారా, ఆ ప్రాంతం మొత్తం సగటు చూసి కడతారా. ప్రాంతం లెక్క అయితే మీ చేను ఒక్కటే మునిగినప్పుడు ఏమీ రాకపోవచ్చు, అందరి చేలూ ఎండినప్పుడు మాత్రం ఆదుకుంటుంది. పల్లం చేను ఉన్నవాళ్లు బీమా ఉందిలే అని కాలువ తీయడం మానేయకూడదని చెప్పడానికే ఇదంతా.

కోత

పూత పూర్తయిన నెల రోజులకు చేనులోకి దిగి వెన్నులు చూడండి. గింజల్లో 80 నుంచి 85 శాతం గడ్డి రంగుకు తిరిగితే కోసేయాలి. అన్నీ పండేదాకా ఆగితే గింజ రాలుతుంది, పిట్టలు తింటాయి, గాలివానకు చేను పడుతుంది. ఏడాది కష్టంలో చిన్న ఇల్లు వదులుకునే బస్తాలు చాలావరకు ఈ పది రోజుల్లోనే పోతాయి. కోసిన రోజే నూర్చే ఏర్పాటు చూసుకోండి. ఎండబెట్టేటప్పుడు పొర రెండు మూడు వేళ్ల మందం మించొద్దు, అరగంటకోసారి తిరగేయండి. నిల్వకు 14 శాతం తేమ, విత్తనానికి 12. తేమ కొలిచే మీటరు లేకపోతే గింజను పంటి కింద పెట్టి చూడండి: టక్కున విరిగితే ఆరింది, నలిగితే ఇంకా కావాలి.

ధాన్యం ఇల్లు చేరిన వారంలోనే నోటుబుక్కు తీయండి. బస్తాలు, అప్పు, గీత, ఏ దఫా ఎరువు ఎప్పుడు వేశారు, పూత ఏ రోజుల్లో వచ్చింది, వాన ఎప్పుడు పడింది, అన్నీ రాయండి. ఏ మడి అయినా పోయి ఉంటే దానికి సగం పేజీ కేటాయించండి: నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి, ఏ వైపు గట్టు తెగింది, ఎన్ని బస్తాలు తగ్గాయి. నెల దాటాక రాస్తే అన్నీ వాన మీదికి నెట్టేస్తాం, ఏ వైపు గట్టు తెగిందో అప్పటికి గుర్తుండదు.